భూగర్భమును తూచు త్రాసు

సంతలో కొబ్బరికాయ కొను ఇల్లాలు దానిని పగులగొట్టి చూడదు. చేతబట్టి బరువు చూచును. చెవియొద్ద ఆడించి లోపలి నీటి చప్పుడు వినును. కుండ కొనునపుడు వ్రేలి కణుపుతో తట్టి, మ్రోతనుబట్టి బీటలున్నవో లేవో చెప్పును. వస్తువును చెరుపకయే దాని లోపలి సంగతి తెలిసికొను నేర్పు మన యిండ్లలోను సంతలలోను అనాదిగా ఉన్నదే. నేల విషయమున మాత్రము ఈ నేర్పు చాలకాలము పనికిరాలేదు. నేలను చేతబట్టి చూచుట యెట్లు? త్రవ్వి చూచుట తప్ప వేరు మార్గము లేకుండెను.

ఒక ఊరి పొలముల క్రింద లోహపు రాయి కలదని వదంతి పుట్టినదనుకొన్నచో, నిజముగా ఉన్నదా లేదా అనునది మొదటి ప్రశ్న. ఉన్నచో ఎంత లోతున ఉన్నదనునది రెండవ ప్రశ్న. ధనము పెట్టువారికి ఈ రెండవ ప్రశ్నయే ముఖ్యము. 30 మీటర్ల లోతున ఉన్నచో పైమట్టిని తొలగించి, తెరచిన గోతినుండియే రాతిని తీయవచ్చును. 300 మీటర్ల లోతున ఉన్నచో నిలువు బావి దింపవలెను. లోపలికి గాలి పంపవలెను. ఊటనీటిని రేయింబవళ్లు తోడవలెను. అదే రాయి ఒకచోట ఐశ్వర్యమగును, మరియొకచోట అప్పగును. త్రవ్వుటకు ముందే లోతును కొంతవరకైన తెలిసికొను మార్గము కలదా యని శాస్త్రజ్ఞులు వెదకిరి. వారు కనుగొనిన మార్గములలో ఒకటి భూమి యొక్క ఆకర్షణను తూచుట.

ప్రతి వస్తువును మరియొక వస్తువును తన వైపునకు లాగుచుండునని న్యూటను చెప్పెను. ద్రవ్యరాశి ఎక్కువైన కొలది ఆకర్షణ ఎక్కువగును. దూరము రెట్టింపైనచో ఆకర్షణ నాల్గవ వంతునకు తగ్గును. మనము బరువు అనుకొనునది మన పాదముల క్రింద నున్న భూమి అంతయు కలిసి మనలను లాగు లాగుడే. భూమి అంతటను ఒకే రాతితో చేయబడినది కాదు. గ్రానైటు రాయి అదే పరిమాణము గల నీటికంటె సుమారు 2.7 రెట్లు బరువైనది. రాయలసీమలో ముగ్గురాయి అని పిలువబడు బెరైటీసు 4 రెట్లకు మించిన బరువు గలది. మంగంపేటలో దానిని చేతికెత్తుకొనిన వారెవరైనను ఇంత చిన్న రాయికి ఇంత బరువా యని ఆశ్చర్యపడుదురు. సీసమునిచ్చు గెలీనా 7.5 రెట్లు. బొగ్గు, రాతియుప్పు మాత్రము గ్రానైటుకంటె తేలికయైనవి. నేల క్రింద బరువైన రాయి ఉన్నచోట పైనున్న వస్తువు రవ్వంత ఎక్కువ తూగవలెను. తేలికయైన రాయి ఉన్నచోట రవ్వంత తక్కువ తూగవలెను. సూత్రము ఇంతే.

దీనిని తక్కెడతో కనిపెట్టుట సాధ్యము కాదు. తక్కెడలో ఒక పళ్లెమున బియ్యము, రెండవ పళ్లెమున తూనికరాళ్లు ఉండును. ఆకర్షణ పెరిగినచో రెండును సమానముగనే పెరుగును; ముల్లు కదలదు. తీగచుట్టతో తూచు స్ప్రింగు త్రాసులో అట్లు కాదు. వ్రేలాడు బరువు పెరిగినచో స్ప్రింగు సాగును. భూమధ్యరేఖ యొద్ద అట్టి త్రాసుపై 100 కిలోలు తూగిన బియ్యపు బస్తాను ధ్రువప్రాంతమునకు కొనిపోయి తూచినచో అరకిలో ఎక్కువ చూపును. బియ్యము పెరుగలేదు. భూమి ధ్రువముల యొద్ద కొంచెము నొక్కుకొనియుండుట వలనను, తన చుట్టు తాను తిరుగుట వలనను కలిగిన భేదమది.

ఈ భేదమును లోకమునకు మొదట తెలిపినది గడియారము. 1672లో రిషే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు భూమధ్యరేఖకు సమీపముననున్న కయెన్ పట్టణమునకు పారిసు నుండి లోలకపు గడియారమును కొనిపోయెను. పారిసులో సరిగా నడచిన గడియారము అచ్చట దినమునకు సుమారు రెండున్నర నిమిషములు వెనుకబడ సాగెను. లోలకమును కొంచెము పొట్టి చేసినగాని అది సరిపడలేదు. అనగా అచ్చట భూమి లోలకమును లాగు బలము తక్కువ యన్నమాట. నాటినుండి లోలకమే భూమ్యాకర్షణను కొలుచు సాధనమయ్యెను.

మన దేశపు సర్వే చరిత్రలో ఈ విషయమునకు ఒక ప్రసిద్ధమైన చిక్కు కలదు. 19వ శతాబ్దమున భారతదేశమును కొలుచుచు ఉత్తరమునకు సాగిన సర్వేయర్లు హిమాలయములకు దగ్గరనున్న కలియానా, దానికి దక్షిణమున మధ్యభారతములోనున్న కలియాన్‌పూర్ అను రెండు స్థానముల నడుమ దూరమును రెండు విధముల లెక్కించిరి. నేలపై త్రిభుజములు వేసి కొలిచిన లెక్క యొకటి. నక్షత్రములను చూచి కట్టిన లెక్క మరియొకటి. రెండింటికిని 5.236 సెకనుల కోణభేదము వచ్చెను. హిమాలయములు ఓళంబపు గుండును తమవైపు లాగుటచేత ఈ పొరపాటు కలిగియుండునని తోచెను. కలకత్తాలో క్రైస్తవ మతాచార్యుడుగా నుండిన ప్రాట్ అను గణితజ్ఞుడు కొండల ద్రవ్యరాశిని ఓపికగా లెక్కకట్టి చూచెను. భేదము 15.885 సెకనులు రావలెనని తేలెను. అనగా అంత గొప్ప పర్వతములు తాము లాగవలసినంతలో మూడవ వంతు మాత్రమే లాగుచున్నవి! 1855లో ఐరీ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు దీనికొక సమాధానము చెప్పెను. నీటిలో తేలు లావుపాటి దుంగ పైకి ఎక్కువగా కనబడుటయేగాక, లోపలికిని ఎక్కువగా మునిగియుండును. అట్లే పర్వతములకును క్రింద తేలికరాతి వేళ్లు లోతుగా దిగియున్నవి. ఆ తేలికదనము పైనున్న కొండల బరువును కొంతవరకు చెల్లుబెట్టుచున్నది. నేలపై నిలిచి నేల క్రింది సంగతిని తూకము వలన గ్రహించిన తొలి ఉదాహరణములలో ఇది యొకటి.

ఈ తూకము కొరకు ప్రాణమునిచ్చిన వాడును కలడు. బసెవీ అను సర్వే అధికారి 1865 నుండి లోలకములను మోసికొని మన దేశపు దక్షిణమునుండి ఉత్తరమువరకు స్థానస్థానమున ఆకర్షణను కొలిచెను. తుదకు లడఖులోని మోరే మైదానమునకు, 15,000 అడుగులకు పైబడిన ఎత్తునకు చేరి, ఆ చలిలో పరిశీలనలు సాగించెను. ఆ యాత్రలోనే 1871లో లడఖు ప్రాంతమున మరణించెను. అతడు వ్రాసియుంచిన అంకెలు మిగిలినవి. ఆ పీఠభూమి క్రిందను ఆకర్షణ అనుకొన్నదానికంటె చాల తక్కువగా నున్నట్లు అవి చూపెను.

పర్వతముల వంటి మహారాశులకు లోలకము చాలును. ఒక ఖనిజపు ముద్ద వంటి చిన్నదానికి అది చాలదు. ఎంత చిన్న భేదమును పట్టవలెనో ముందు తెలియవలెను. ఆకర్షణను కొలుచుటకు గెలిలియో పేర గాల్ అను కొలత ఏర్పడినది. అందులో వేయవ వంతు మిల్లీగాల్. భూమి యొక్క పూర్తి ఆకర్షణ సుమారు 9,80,000 మిల్లీగాళ్లు. 50 మీటర్ల వ్యాసార్ధము గల ఒక ఖనిజపు గోళము, తన చుట్టునున్న రాతికంటె ఘనమీటరునకు ఒకటిన్నర టన్ను ఎక్కువ బరువు గలదై, దాని నడిబిందువు 100 మీటర్ల లోతున నున్నదనుకొన్నచో, అది సరిగా పైనున్న నేలపై కలిగించు అదనపు ఆకర్షణ 0.52 మిల్లీగాలు మాత్రమే. అనగా 100 కిలోల బియ్యపు బస్తాకు రెండు మూడు గింజల బరువు కలిసినట్లు. 20 లక్షల టన్నులకు మించిన ఖనిజము నేలలో నుండి చూపు ప్రభావమది!

ఇట్టి సూక్ష్మభేదమును పొలములో నిలిచి పట్టగల సాధనమును హంగరీ దేశపు శాస్త్రజ్ఞుడు అయోట్వోష్ 1890 ప్రాంతమున నిర్మించెను. మిక్కిలి సన్నని లోహపు తీగనుండి ఒక అడ్డుకమ్మి వ్రేలాడుచుండును. కమ్మి ఒక చివర ఒక చిన్న బరువు అమర్చబడియుండును. రెండవ చివరనుండి మరియొక బరువు క్రిందికి దిగియుండును. సమీపమున బరువైన రాయి ఉన్నచో రెండు బరువులమీదను లాగుడు ఒక్కరీతిగా నుండదు. తీగ కొంచెము మెలిపడును. ఆ మెలికను అద్దముతో కొలుతురు. ఈ సాధనమునకు గోడ దగ్గరనున్నను, గుంట దగ్గరనున్నను లెక్క చెడును. అందుచేత అయోట్వోష్ చదునైన చోటు వెదకి, 1901, 1903 సంవత్సరముల శీతకాలములలో గడ్డకట్టిన బాలటన్ సరస్సు మీదికి తన త్రాసును చేర్చెను. మంచుపలకకంటె చదునైన పొలము ఎచ్చట దొరకును? సరస్సు క్రింద, నీటికిని బురదకును అడుగున, రాతిపొరల అమరికలో సరస్సు పొడవునను సాగిన ఒక మార్పును ఆ త్రాసు తెలిపెను. 1916లో ఇప్పటి స్లొవేకియాలోని గ్బెలీ నూనెక్షేత్రముపై ఇదే సాధనముతో పరీక్షించిరి. బోరుల వలన ముందే తెలిసిన పొరల మడతను త్రాసు తానుగా చూపెను. తెలిసినదానిపై పరీక్ష నెగ్గిన పిమ్మట తెలియనిదానిపైకి పోవుట సరియైన క్రమమే. అయోట్వోష్ 1919లో మరణించెను. 1924లో అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున, నాష్ అనుచోట, నేల క్రింది ఉప్పుగుమ్మటమును అతని త్రాసుతోనే కనుగొనిరి. బోరు వేసి చూడగా గుమ్మటము ఉన్నది. తరువాత నూనెయు దొరకినది.

ఆ త్రాసు ఒక్కొక్క చోట గంటల కొలది నిలువవలసియుండెను. 1930 తరువాత స్ప్రింగుతో పనిచేయు గురుత్వమాపకములు వచ్చెను. టెక్సాసులో లకోస్ట్ అను యువకుడు విద్యార్థిగా నుండగనే, తన గురువు రోంబర్గు ఇచ్చిన సమస్యను సాధించుచు, స్వల్పభేదమునకే ఎక్కువగా సాగు ఒక విచిత్రమైన స్ప్రింగును కల్పించెను. అతని పద్ధతిపై చేసిన యంత్రము మిల్లీగాలులో నూరవ వంతును చూపగలదు. ఒక్క మనిషి మోసికొని పోగలడు. కొలది నిమిషములలో ఒక స్థానము ముగించును.

యంత్రము సులభమైనదని పని సులభమైనది కాదు. సర్వే చేయువారు పొలములో వరుసగా కొయ్యగూటములు పాతి, ఒక్కొక్క గూటము చెంత యంత్రమును నిలిపి అంకె చదువుదురు. ఆ అంకెలో ఖనిజపు వంతు రవ్వంత. మిగిలిన కారణముల వంతు కొండంత. యంత్రము ఒక మీటరు ఎత్తునకు పోయినచో, భూకేంద్రమునకు దూరమగుటచేత ఆకర్షణ 0.3086 మిల్లీగాలు తగ్గును. ఆ మీటరు ఎత్తులో సామాన్యపు రాయి నిండియున్నచో దాని ఆకర్షణ వలన 0.112 పెరుగును. రెండును కలిసి మీటరునకు సుమారు 0.2 మిల్లీగాలు తేడా వచ్చును. కావున నూరవ వంతు మిల్లీగాలు కావలెనన్న గూటము ఎత్తు 5 సెంటీమీటర్లకు తప్పులేకుండ తెలియవలెను. ఉత్తరమునకు నడచినను ఆకర్షణ పెరుగును. విజయవాడ అక్షాంశమున ఒక కిలోమీటరు ఉత్తరమునకు పోయినచో సుమారు 0.44 మిల్లీగాలు పెరుగును. ఇది పైన చెప్పిన ఖనిజపు గోళము చూపునదానికి ఇంచుమించు సమానము! సముద్రమునకు పోటుపాటులు కలిగించు చంద్రసూర్యులు త్రాసును కూడ విడువరు. ఒక్క దినములో 0.3 మిల్లీగాలు వరకు మార్పు తెత్తురు. స్ప్రింగు కూడ అలసిపోవును. అందుచేత గంటకో రెండు గంటలకో మొదటి గూటమునకు తిరిగివచ్చి మరల తూచి చూతురు.

గుట్టల సంగతి వింతైనది. ప్రక్కన గుట్ట ఉన్నచో అది పైనుండి లాగి బరువును తగ్గించును. ప్రక్కన లోయ ఉన్నచో అచ్చట లాగవలసిన రాయి లేకపోవుటచేత అదియు బరువును తగ్గించును. గుట్టయైనను గుంటయైనను తగ్గించుటయే పని. ఈ సవరణలన్నియు చేసిన పిమ్మట మిగులు అంకెకు బూగే శేషమని పేరు. పూర్వము పెరూ దేశమునకు పోయి ఆండీసు పర్వతముల ఆకర్షణను కొలువ పూనుకొనిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుని పేరది.

ఆ శేషములను కాగితముపై గుర్తించి గీత గీసినచో, ఖనిజము పైన గీత మిట్టవలె లేచి రెండు ప్రక్కల దిగును. లోతు ఈ మిట్ట ఆకారమునందే దాగియున్నది. దీపమును బల్లకు దగ్గరగా పట్టినచో వెలుతురు చిన్న వలయముగా, తీవ్రముగా పడును. పైకెత్తినచో వలయము వెడల్పగును, కాంతి పలుచనగును. ఆకర్షణయు అట్టిదే. పై గోళము నడిబిందువు 100 మీటర్ల లోతున నున్నపుడు మిట్ట శిఖరము 0.52 మిల్లీగాలు. ప్రక్కకు 50 మీటర్లు జరిగినచో 0.37కును, 100 మీటర్లు జరిగినచో 0.19కిని, 200 మీటర్లు జరిగినచో 0.05కును దిగును. అదే గోళమును 200 మీటర్ల లోతునకు దింపినచో శిఖరము 0.13 మాత్రమే, మిట్ట మాత్రము రెట్టింపు వెడల్పగును.

కావున సర్వే వారు శిఖరమునుండి ప్రక్కకు ఎంత దూరము పోయినచో విలువ సగమగుచున్నదో చూతురు. దీనిని అర్ధదూరమనవచ్చును. గోళాకారపు ఖనిజమైనచో అర్ధదూరమును 1.3 చేత హెచ్చించినచో నడిబిందువు లోతు వచ్చును. పై ఉదాహరణములో శిఖరపు విలువ సగమగునది సుమారు 77 మీటర్ల దూరమున, 77ను 1.3 చేత హెచ్చించగా 100. ఎనిమిదవ తరగతి విద్యార్థి చేయగల గుణకారమే. నూరు మీటర్ల క్రిందనున్నదాని లోతు, ఒక్క పార మట్టియైనను ఎత్తకుండ, పొలముపై అడుగుల దూరమునుండి తెలిసినది.

ఇంతవరకు విన్నవారికి ఇక బోరు ఎందుకని తోచును. ఇచ్చటనే తొందరపడరాదు. ఖనిజము గోళమువలె నుండునని ఎవరు చెప్పిరి? అది పొడవుగా కడ్డీవలె అడ్డముగా సాగియున్నచో సూత్రము మారును. అపుడు అర్ధదూరమే లోతు. అదే 77 మీటర్ల అర్ధదూరము గోళమునకు 100 మీటర్లు చెప్పును, కడ్డీకి 77 మీటర్లు చెప్పును. గోళమే యైనను చిక్కు తీరదు. 50 మీటర్ల వ్యాసార్ధము గల బరువైన గోళమును, 63 మీటర్ల వ్యాసార్ధముతో బరువుభేదము సగమేయున్న గోళమును ఒకే నడిబిందువు యొద్ద ఉంచినచో నేలపై త్రాసు చూపు అంకెలు రెండింటికిని అక్షరాల ఒకటే. నడిబిందువు లోతు ఒకటేయైనను ఖనిజపు పైకొన మొదటిదానికి 50 మీటర్ల లోతున, రెండవదానికి 37 మీటర్ల లోతున తగులును. బోరు వేయువానికి కావలసినది పైకొనయే గదా. అంతేకాక పైపొరలలోనే వెడల్పుగా, పలుచగా పరచుకొనిన రాతిపలక ఒకటి తగిన ఆకారమున నున్నచో, అదియు లోతుననున్న గోళమువలెనే మిట్ట చూపగలదు. నడుమ ఎత్తుగా, అంచుల పలుచగా ఉన్న పలక లోతైన గోళమని నమ్మించును.

దీనిని కొందరు ఈ పద్ధతి యొక్క లోపమందురు. లోపమనుట కంటె దాని హద్దు అనుట న్యాయము. త్రాసు ఒక విషయమును ధైర్యముగా చెప్పగలదు: ఇట్టి మిట్టను కలిగించు బరువు, ఇంత లోతునకు మించి క్రింద నుండ నేరదు. లోతైన వస్తువు ఎన్నటికిని ఇరుకైన మిట్టను చూపలేదు. పైగా ఏ లోతున నున్నను, ఏ ఆకారమున నున్నను, అదనపు బరువు మొత్తము ఎంతయో మిట్ట క్రింది విలువలనన్నిటిని కూడి చెప్పవచ్చును. పై ఉదాహరణములో అది సుమారు 7,85,000 టన్నులు. ఎంత బరువున్నదో నిశ్చయముగా తెలియును. ఎచ్చటనున్నదో హద్దులతో మాత్రమే తెలియును. మిగిలినది రాళ్లనెరిగినవాడు చెప్పవలెను. ఆ ప్రాంతమున ఖనిజము నరములుగా పారునా, ముద్దలుగా నుండునా, ఆ రాయి ఎంత బరువైనది అనునవి కొండకోనలు తిరిగి, రాతిముక్కలు తెచ్చి తూచినవానికే తెలియును. సర్వే చేయువానిని ఒక్క అంకె చెప్పుమని ధనము పెట్టువారు ఒత్తిడి చేయుట సహజము. ఒక్క అంకె చెప్పువానికంటె, ఇంతకు పైన, ఇంతకు క్రింద అని రెండు అంకెలు చెప్పువాడే నమ్మదగినవాడు.

తెలుగునాట త్రాసు చూపిన మిట్టపల్లములలో గోదావరి లోయ చెప్పుకొనదగినది. నది వెంబడి ప్రాచీనకాలమున నేల పొడవుగా క్రుంగి, ఆ గుంటలో ఇసుక, ఒండ్రు, వృక్షజాలము చేరి పొరలు కట్టినవి. సింగరేణి బొగ్గు ఆ పొరలలోనిదే. ఈ పొరలు ఇరుప్రక్కలనున్న ప్రాచీనశిలలకంటె తేలికయైనవి గనుక లోయపై ఆకర్షణ తగ్గి పల్లముగా కనబడును. పల్లము ఎంత లోతుగా నున్నదో చూచి ఆ పొరలు ఎంత మందముగా నున్నవో అంచనా వేయుదురు. 1961లో హైదరాబాదున జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వెలసినది. దేశమంతటి ఆకర్షణ పటములను 1975లో ఆ సంస్థ ప్రకటించెను. ప్రాట్ చేతితో కట్టిన లెక్కలకు కారణమైన హిమాలయపు వేళ్లు ఆ పటములలో పెద్ద పల్లములుగా కనబడును.

లోతు తెలియకపోవుట వలన ఒక మనిషి జీవితమునకు ఏమి జరిగెనో రష్యాలోని కూర్స్కు ప్రాంతమున చూడవచ్చును. అచ్చట దిక్సూచి ముల్లు ఉత్తరమును చూపక తబ్బిబ్బగుచుండునని 18వ శతాబ్దముననే తెలిసియుండెను. మాస్కో విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన లైస్టు, 1896 మొదలు అచ్చటి పొలములలో తిరిగి ముల్లును పరిశీలించి, నేల క్రింద అపారమైన ఇనుప రాయి ఉండవలెనని చెప్పెను. స్థానిక సంఘమువారు ధనమిచ్చి బోరులు వేయించిరి. భూస్వాములు పొలముల ధరలు పెంచి సంబరపడిరి. బోరులు ఆశించిన లోతు దాటినవి, ఇనుము తగులలేదు. నిన్నటివరకు పొగడినవారే ఆచార్యుని ఎగతాళి చేసిరి. ధనము ఆగిపోయెను. లైస్టు మాత్రము పట్టు విడువలేదు. ఏటేట వేసవి సెలవులలో, తన సొంత ఖర్చుతో, ఆ పొలములకే పోయి వేలకొలది స్థానములలో ముల్లును పరిశీలించుచు వ్రాసికొనెను. 1918లో అతడు జర్మనీలో మరణించెను. అతని కాగితములును అచ్చటనే చిక్కుకొనిపోయెను.

ముల్లు చెప్పినది తప్పు కాదు. ఇనుము ఉన్నదని అది చెప్పినది నిజమే. ఎచ్చట, ఎంత లోతున అను ప్రశ్నలకు ముల్లు ఒక్కటియే సాక్షియగుటచేత చిక్కు వచ్చినది. 1919 తరువాత, యుద్ధముతో కరవుతో దేశము అల్లాడుచున్న దినములలోనే, లాజరెవు అను భౌతికశాస్త్రజ్ఞుని నాయకత్వమున కొలతలు మొదటినుండి మరల ప్రారంభమయ్యెను. ఈసారి దిక్సూచితోబాటు అయోట్వోష్ త్రాసును కూడ పొలములలో నిలిపిరి. ముల్లు వణకిన చోటులలో నేల బరువు కూడ పెరిగినదా యని చూచిరి. అయస్కాంతమునకు సాక్ష్యము చెప్పుటకు ఆకర్షణ వచ్చినది. రెండు సాక్ష్యములను కలిపి చదివి బోరునకు చోటు నిర్ణయించిరి. 1921లో ష్చిగ్రీ పట్టణమునకు సమీపమున బోరు మొదలుపెట్టిరి. పనిముట్లు చాలవు, తిండియు చాలదు. సుద్దరాయి, బంకమట్టి, ఇసుక పొరలు దాటి బోరు దిగుచునే యుండెను. 1923 ఏప్రిలు మాసమున, నూట అరవై మీటర్లకు మించిన లోతునుండి, పైకి తీసిన రాతికడ్డీ చేతికి బరువుగా తగిలెను. అందులో ఇనుప చారలు కలవు. దిక్సూచి ముల్లు దాని వైపు తిరిగెను.

తొలుత దొరకినది బీదఖనిజమే. మంచి ఖనిజము తరువాతి సంవత్సరములలో ఇతర స్థలములలో బయటపడెను. 1950 తరువాత అచ్చట పెద్ద పెద్ద తెరచిన గనులు వెలసినవి. లైస్టు వేసవులలో ఒంటరిగా నడచిన ఆ ప్రాంతమున నేడు గోతి అంచున నిలిచి చూచువారికి, పైన తెల్లని సుద్దపొర, దాని క్రింద లోతున నల్లని ఇనుపరాతి పొరలు కంటికి ఎదురుగానే కనబడుచున్నవి.